ఈతకు మించిన లోతు

ఇంటి నుంచి
ఫిబ్రవరి 6

వానపిల్లకు మీ వదిన రాసేది.

అందరం కులాసా. ఈ మాట ముందు రాసేశాను. కవరు మీద నా చేతిరాత చూడగానే నీ గుండె గుభేలుమంటుందని తెలుసు. ఇంటి ఉత్తరాలన్నీ మీ అన్నయ్యే కదా రాసేది. ఈసారి మాత్రం "నాకు చెయ్యి ఆడటం లేదు, నువ్వే రాయి" అని చెప్పి, రైలు నడపడానికి డ్యూటీకి వెళ్లిపోయాడు. ఫోను చేద్దామంటే మీ దీవి చేరేలోపు సగం మాటలు చేపలు తినేస్తాయి.

మంగళవారం పొద్దున అత్తయ్య ఇంట్లోంచి వెళ్లిపోయారు. కింద దుకాణంలో ఒకాయన పంట్లాం పొట్టి చేస్తున్నాను. ఆయన బల్ల మీద నిలబడ్డాడు, నా నోట్లో గుండుసూదులు. వీధి తలుపు చప్పుడైంది. గాలి అనుకున్నాను. సూదులన్నీ గుచ్చి లేచి చూస్తే మేడ మీద గది ఖాళీ. పంట్లాం ఆయన్ని అలాగే, ఒక కాలు పొట్టి ఒక కాలు పొడుగ్గా వదిలేసి పరిగెత్తాను. మార్కెట్టు, మందుల దుకాణం, బస్సు స్టాండు అన్నీ తిరిగాను. డాక్టరు ఈ మతిమరుపు జబ్బు పేరు చెప్పి పది నెలలైంది కదా, ఇలాంటి రోజు ఒకటి వస్తుందని ఆయన అప్పుడే చెప్పారు. చెప్పగా వినడం వేరు, వీధిలో నిలబడి ఎటు వెళ్లాలో తెలియకపోవడం వేరు.

గంటన్నర తర్వాత ఈతకొలను నుంచి ఫోను. కొలను కాపలా చూసే బుడుంగు గుర్తున్నాడా? చిన్నప్పుడు నీళ్లలో దిగిన ప్రతిసారీ మునిగిపోతుంటే అత్తయ్యే పెట్టారు ఆ పేరు. ఇప్పుడు వాడికి నలభై ఆరేళ్లు, తలుపంత మనిషి. "టీచరమ్మ ఇక్కడే ఉన్నారండీ. గట్టు మీద కూర్చుని మమ్మల్నందర్నీ తిడుతున్నారు" అన్నాడు. వాడి గొంతులో ఎంత సంతోషమో.

వెళ్లేసరికి పాదాలు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను ఎగాదిగా చూశారు. "కొత్తగా చేరావా అమ్మా? అలా గోడ పట్టుకుని నిలబడితే ఈత రాదు. ఇలా కూర్చుని కాళ్లు తడుపు" అన్నారు.

కూర్చుని తడిపాను. చిన్నీ, ఆ పేర్ల పుస్తకం పోయిన రోజు నుంచి మీ అమ్మ నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట ఇదే. పదకొండేళ్లు. ఉప్పు తక్కువైతే గోడకు చెప్పేవారు, మంచినీళ్లు కావాలంటే కిటికీని అడిగేవారు. నేను తిరిగి ఆ గోడకే జవాబు చెప్పేదాన్ని. మా ఇద్దరి మధ్యా ఆ గోడ ఎంత అలిసిపోయిందో.

ఇంటికి వస్తూ దారంతా నా చెయ్యి వదల్లేదు. ఇది నీకు చెప్పాలనిపించి రాశాను.

మీ వదిన


వాతావరణ కేంద్రం, దీవి
ఫిబ్రవరి 16

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం గురువారం పడవలో వచ్చింది. అమ్మ క్షేమంగా ఉన్నందుకు సంతోషం. వీధి తలుపుకు పైన గడియ పెట్టించండి, ఆ జబ్బు ఉన్నవాళ్లు పైకి చూడరని ఎక్కడో చదివాను. ఆమె జేబులో చిరునామా రాసిన కాగితం ఉంచండి.

ఇక్కడ నలుగురమే ఉంటాం, ఒకరు సెలవు పెడితే మిగతా ముగ్గురికీ నిద్ర ఉండదు. తెల్లవారగానే బెలూను వదలాలి, మూడు గంటలకోసారి గాలి, తేమ, వాన రాసుకోవాలి. అందుకే ఇప్పట్లో రాలేను.

ఒక్క సంగతి అడగాలి. అమ్మ ఇంకా ఆ పుస్తకం కోసం వెతుకుతోందా? మిమ్మల్ని ఏమైనా అంటోందా?

ఇట్లు
మీ ఆడపడుచు


ఇంటి నుంచి
మార్చి 19

వానపిల్లా,

"వదినగారికి నమస్కారం", "మీరు", "ఇట్లు". ఎవరికో వేయబోయి నాకు వేశావేమోనని కవరు తిప్పి చూశాను.

గడియ పెట్టించాను. కాగితం జేబులో పెట్టాను. ఆవిడ దాన్ని తీసి, ఎవరో చిరునామా పారేసుకున్నారని పోస్టు డబ్బాలో వేసి వచ్చారు. పోస్టుమాను తెచ్చి ఇచ్చాడు.

అసలు సంగతి విను. ఆ రోజు తర్వాత రోజూ పొద్దున్నే తయారై గుమ్మం దగ్గర నిలబడటం మొదలుపెట్టారు, పిల్లలు ఎదురు చూస్తుంటారని. ఆపితే ఏడుపు. డాక్టరును అడిగాను. కొత్తవేవీ తలలో నిలవవు గానీ చేతులకూ కాళ్లకూ వచ్చిన విద్య ఇంకొంత కాలం ఉంటుంది, తీసుకెళ్లండి అన్నారు. కొలను మేనేజరు మాత్రం జ్ఞాపకం సరిగా లేనివాళ్లను నీళ్లలోకి దింపకూడదని రూలు చూపించాడు. డాక్టరు చీటీ తెచ్చాను. చివరికి బుడుంగు పూచీ పడ్డాడు. నడుము లోతు దాటకూడదు, ఎప్పుడూ ఒక మనిషి నీళ్లలో పక్కన ఉండాలి. ఆ మనిషి ఎవరు? ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్ని.

నీళ్లంటే నాకెంత భయమో నీకు తెలుసు. బకెట్టు నిండితేనే వెనక్కి జరుగుతాను. ఈత గురువుగారి కోడలికి ఈత రాదని ఊరంతా నవ్వినా దిగలేదు. ఇప్పుడు, నలభై తొమ్మిదేళ్లకు, మెడ నుంచి మోకాళ్ల దాకా కప్పే దుస్తులు నేనే కుట్టుకుని దిగాను. బుడుంగు చూసి సముద్రం అడుక్కి వెళ్తున్నారా అని అడిగాడు.

మీ అమ్మకు నేను రోజూ కొత్త శిష్యురాలినే. రోజూ మొదటి పాఠమే. పన్నెండు రోజులు నీళ్లలోకి బుడగలు ఊదాను. "ముక్కు మూసుకోకు, ఊదు. నీళ్లు నిన్నేం చేయవు, నువ్వే వాటిని కొడుతున్నావు. ఈతకు మించిన లోతు లేదమ్మా" అని రోజూ అదే పాఠం, అదే ఓపిక. ఇంట్లో చెంచా పేరు గుర్తు రాదు, అక్కడ ఒక్క మాట తప్పు పోదు. పదమూడో రోజున మాత్రం నోటితో ఏమీ అడక్కుండా నా భుజాలు చూశారు. "నువ్విదివరకు ఎవరి దగ్గరో కొంత నేర్చుకున్నావు. ఎవరో గానీ బాగానే నేర్పారు" అన్నారు. ఆ రోజు నుంచి రెండో పాఠం.

నిన్న దూరంగా ఒక బట్టతల పెద్దమనిషి ఈదుతున్నాడు. ఈవిడ ఇక్కడి నుంచి "మోకాలు వంచకు, తొడ నుంచి కొట్టు" అని అరిచారు. ఆయన వెనక్కి తిరిగి కూడా చూడకుండా కాళ్లు చాపేశాడు. గట్టెక్కాక వచ్చి దండం పెట్టాడు. ఏడేళ్ల వయసులో ఈవిడ దగ్గర నేర్చుకున్నాడట, ఇప్పుడు జడ్జి.

అన్నీ ఇలాగే ఉన్నాయనుకునేవు. ఇంటి దగ్గర ఎండ వాలేసరికి "మా ఇంటికి తీసుకెళ్లు" అని మొదలుపెడతారు. ఇదే మీ ఇల్లంటే నమ్మరు. వీధి చివరి దాకా నడిపించి వెనక్కి తెస్తే "హమ్మయ్య, వచ్చాం" అంటారు. దువ్వెన నేను దొంగిలించానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అది ఆవిడ జుట్టులోనే ఉంది. ఇంట్లో స్నానం అంటే యుద్ధం. కొలను దగ్గర మాత్రం గోల లేదు. కొలనులో దిగే ముందు ఒళ్లు కడుక్కోవాలని ఆవిడ పెట్టిన రూలే కదా, మాట్లాడకుండా జల్లు కింద నిలబడతారు.

మీ అన్నయ్యను కుళాయి బాగుచేసే అబ్బాయి అంటున్నారు. మొదటిసారి విన్నప్పుడు పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. ఇప్పుడు డ్యూటీ నుంచి రాగానే ఒక రెంచీ పట్టుకుని వెళ్లి, "ఏ కుళాయి అమ్మగారూ" అని అడుగుతున్నాడు. ఆవిడ చూపించింది బిగించి, పక్కన కూర్చుని కబుర్లు వింటున్నాడు. ఇంట్లో కుళాయిలన్నీ ఎంత బిగిశాయంటే తిప్పడానికి నాకు రెండు చేతులూ కావాలి.

దుకాణం బాగానే నడుస్తోంది. పుస్తకం గురించి ఆవిడ అడగడం లేదు.

వదిన


దీవి
ఏప్రిల్ 3

వదినా,

నీ ఉత్తరం మావాళ్లకు చదివి వినిపించాను. మా కేంద్రం పెద్దాయన, ఎప్పుడూ నవ్వని మనిషి, కుళాయిల సంగతికి నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను కూడా నవ్వాను. ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పోయిన ఉత్తరంలో ఆ పుస్తకం గురించి అడిగాను. నువ్వు గమనించే ఉంటావు. ఇక దాచలేను.

ఆ పుస్తకం నేను పారేశాను.

ప్రయాణానికి ముందు రోజు నా గది ఖాళీ చేస్తూ పాత వార్తాపత్రికలు, కాలేజీ కాగితాలు మూడు కట్టలు కట్టి పాత కాగితాలవాడికి ఇచ్చేశాను. అమ్మ పుస్తకం నా బల్ల మీదికి ఎలా వచ్చిందో తెలియదు. బహుశా పేర్లు చదివి వినిపిద్దామని తెచ్చి ఉంటుంది. అందులో ముప్పై ఒక్క ఏళ్లలో తను ఈత నేర్పిన ప్రతి మనిషి పేరూ, వాళ్లు మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా కొలను దాటిన తేదీ. ఆ రోజు మేమిద్దరం ఈ ఉద్యోగం గురించి పోట్లాడుకుని ఉన్నాం. చూడకుండా కట్టేశాను. మర్నాడు పడవలో, నీళ్ల మధ్య, నీలం అట్ట గుర్తొచ్చింది.

మూడు నెలల తర్వాత అన్నయ్య ఉత్తరం రాశాడు. పుస్తకం నువ్వే పారేశావని అమ్మ అనుకుంటోందని, నీతో మాట్లాడటం లేదని. అప్పుడే రాయాల్సింది. రేపు రాద్దాం, సెలవుకు వెళ్లినప్పుడు చెబుదాం అనుకున్నాను. వచ్చిన ప్రతిసారీ మీరిద్దరూ గోడతో మాట్లాడుకోవడం చూసి మూడు రోజుల్లోనే పారిపోయాను. దీవి దూరమని అందరికీ చెప్పుకున్నాను. దీవి దూరం కాదు వదినా, ఇల్లే భయం.

ఇప్పుడు చెబుదామంటే ఆమెకు పుస్తకమే గుర్తు లేదు. తప్పు చేసినదాన్ని నేనున్నాను, క్షమించాల్సిన మనిషే వెళ్లిపోతోంది. నీకు మాత్రం చెప్పగలను. పదకొండేళ్లు నా శిక్ష నువ్వు అనుభవించావు.

తిడుతూ రాయి. ఎంతైనా పరవాలేదు, రాయి మాత్రం.


ఇంటి నుంచి
ఏప్రిల్ 15

పిచ్చిపిల్లా,

నాకు తెలుసు.

ఆ రోజు మేడ మీద ఇస్త్రీ చేస్తున్నాను. కిటికీలోంచి చూశాను. పాత కాగితాలవాడికి నువ్వు మూడు కట్టలిచ్చావు, మూడోదాని పక్కన నీలం అట్ట కనిపించింది. అది ఏమిటో అప్పుడు తెలియలేదు. సాయంత్రం నువ్వు బయటికి వెళ్లినప్పుడు అత్తయ్య అలమార అంతా కిందపోసి వెతుకుతుంటే తెలిసింది. మర్నాడు పొద్దున ఆరింటికి నీ పడవ. ఆ రాత్రి నోరు తెరిస్తే రెండే దారులు. నీ ప్రయాణం ఆగుతుంది, లేదంటే వెళ్లి మళ్లీ ఈ గుమ్మం తొక్కవు. నీకు ఆ ఉద్యోగం ఎంత ఇష్టమో చూశాను. మేఘాల బొమ్మల పుస్తకం దిండు కింద పెట్టుకుని పడుకునేదానివి.

అత్తయ్య నా వైపు తిరిగి "నువ్వే కదా గదులు సర్దింది" అన్నారు. నేను ఊరుకున్నాను. నాలుగు రోజుల్లో చల్లారుతుందిలే అనుకున్నాను. ఆ నాలుగు రోజులు ఇంతయ్యాయి.

నన్ను దేవతను చేయకు. కోపం వచ్చింది, బోలెడంత. రెండో ఏడు నీకు ఉన్ని కోటు కుట్టి పంపాను చూడు, దాని ఎడమ చెయ్యి ఎప్పుడూ పైకి లాక్కుపోతుందని రాశావు. నా చేతిలో కొలత ఎప్పుడూ తప్పదు. ఇంతకంటే ఎక్కువ పగ తీర్చుకోవడం నాకు చేతకాలేదు.

క్షమించాల్సిన మనిషి వెళ్లిపోతోంది అని రాశావు. వెళ్లిపోవడం కాదు, వేరే గదిలో ఉంది. ఇప్పుడు వస్తే గదిలో మనిషి దొరుకుతుంది. నిన్న నా కింద చెయ్యి పెట్టి వెల్లకిలా తేల్చారు. నెమ్మదిగా ఆ చెయ్యి తీసేశారు. నేను తేలాను చిన్నీ. పైకప్పు చూస్తూ, చెవుల్లో నీళ్లు గుయ్యిమంటుంటే, నా బరువు నేను మోయకుండా ఉండటం ఇన్నేళ్లలో అదే మొదటిసారి. కళ్లు తిప్పి చూస్తే ఆవిడ చప్పట్లు కొడుతున్నారు.

అలాంటి చేతులు ఇంకా ఉండగా రా. వాన కొలవకపోతే కురవడం మానదు.

వదిన


దీవి
మే 11

వదినా, సెలవు దొరికింది. పది రోజులు. మా పెద్దాయన "నీ వంతు బెలూన్లు నేను వదులుతాను, ఆ కుళాయి అబ్బాయిని అడిగానని చెప్పు" అన్నాడు. జూన్ మొదటి గురువారం పడవ. నన్ను గుర్తు పట్టకపోతే ఏడవకుండా ఉండటం ఎలాగో ఈలోపు రాయి.


దీవి
జూన్ 24

వదినా,

వచ్చి నాలుగు రోజులైంది. చెవుల్లో ఇంకా మన ఇంటి చప్పుళ్లే.

నన్ను గుర్తు పట్టలేదు, నువ్వు చూశావుగా. పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మను అనుకుంది. పది రోజులూ నాకు కొలను లెక్కలు అప్పజెప్పింది. నీళ్లు ఎప్పుడు మార్చారో, మందు ఎంత కలిపారో. మొదటి రోజు కష్టంగా ఉంది. మూడో రోజుకు నేను కూడా గంభీరంగా "మెట్ల దగ్గర పాకుడు పట్టకుండా చూసుకోండి" అనేసరికి నువ్వు వంటింట్లోకి పారిపోయి నవ్వావు.

ఒక సంగతి నీకు అక్కడ చెప్పలేదు. ఎదురుగా చెబితే ఏడుస్తానని ఉత్తరానికి దాచాను. వచ్చే ముందు రోజు నువ్వు బట్టలు మార్చుకోవడానికి వెళ్లావు. మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. చెప్పేశాను. అమ్మా, నీ పేర్ల పుస్తకం నేనే పారేశాను, చూసుకోలేదు, వదిన తప్పేమీ లేదు, ఇన్నేళ్లూ చెప్పకుండా దాక్కున్నాను అని. చెబుతూ చెబుతూ ఎక్కిళ్లు పెట్టాను.

ఆమెకు పుస్తకం సంగతి అర్థమైందో లేదో తెలియదు. నా ముఖం మాత్రం చూసింది. నా చిన్నప్పుడు, మునిగి లేచిన పిల్లల ముఖం ఎలా చూసేదో అలాగే. వీపు మీద చెయ్యి వేసి గట్టిగా రెండుసార్లు తట్టింది.

"నీళ్లు మింగావా? పరవాలేదు, అందరూ మింగుతారు. దగ్గి ఉమ్మెయ్యి" అంది. అరచేత్తో నా ముఖం తుడిచి, "ఊపిరి వచ్చిందా? అయితే మళ్లీ దిగు" అంది.

నేను దిగాను. ఒంటి మీద బట్టలతోనే. నువ్వు తిరిగొచ్చి, ఆఫీసరమ్మకు మతి పోయిందని బుడుంగుతో అన్నావు. దిగింది అమ్మ మాట మీద.

క్షమించడమంటే ఏమిటో నాకు పెద్దగా తెలియదు. కానీ ఆ చెయ్యి పడిన చోట వీపు ఇంకా తేలిగ్గా ఉంది.

ఇక నీ సంగతి. దుకాణం బాగానే నడుస్తోందని రాశావు. నేను కింద గదిలోకి వెళ్లాను. కుట్టుమిషను మీద గుడ్డ, గుడ్డ మీద దుమ్ము. నా వేలి గుర్తు వదిలి వచ్చాను, చూసుకో. పంట్లాం పొట్టి చేయించుకోవడానికి వచ్చినాయనే ఆఖరి మనిషి అని పక్కింటివాళ్లు చెప్పారు. ఫిబ్రవరి నుంచి మూసేసి, నాకు నవ్వించే ఉత్తరాలు రాస్తున్నావు. దాచడంలో నన్ను మించిపోయావు.

మరదలు


ఇంటి నుంచి
ఆగస్టు 30

వానపిల్లా,

రెండు నెలలు రాయలేదు. మొదటి నెల కోపంతో. నా మిషను, నా దుమ్ము, నీకెందుకు అనుకున్నాను. రెండో నెల తీరిక లేక.

నువ్వు పట్టేశావు కాబట్టి నిజం రాస్తున్నాను. అలిసిపోయాను. మిషను చప్పుడు వినకపోతే నాకు నేను గుర్తుండను. ఒక రోజు ఆవిడ మూడోసారి బట్టలు తడుపుకున్నప్పుడు గట్టిగా అరిచాను. ఆవిడ బెదిరిపోయి "తప్పయిందమ్మా, మా అమ్మకు చెప్పకు" అన్నారు. ఇద్దరం మంచం మీద కూర్చుని ఏడ్చాం. తర్వాత ఎందుకు ఏడుస్తున్నామో ఆవిడ మరిచిపోయి నన్ను ఓదార్చారు.

ఇంకొకటి. ఈ నెల మొదట్లో కొలను మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయారు. నీళ్లు చూసి భయపడ్డారు. మీ అమ్మకు నీళ్లంటే భయం. బుడుంగు అటు తిరిగి నిలబడ్డాడు. గట్టు మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, "కాళ్లు తడపండి అత్తయ్యా, అంతే, ఇంకేమీ వద్దు" అన్నాను. ఎంతసేపో ఆలోచించి బొటనవేలు ముంచారు. తర్వాత పాదం. ఇప్పుడు రోజూ అంతవరకే. కాళ్లు ఆడిస్తూ కూర్చుంటారు, బుడుంగు ఎదురుగా నీళ్లలో నిలబడితే వాడి ముఖం మీదికి నీళ్లు తంతారు. వాడు ప్రతిసారీ మునిగిపోయినట్టు నటిస్తాడు. ఆవిడ నవ్వు కొలనంతా వినిపిస్తుంది. నేర్పడం పోయింది గానీ ఆట మిగిలింది.

ఇక మంచి కబురు. నిన్న శనివారం మీ అన్నయ్య ఆవిడ పక్కన కూర్చున్నాడు, నేను ఈ చివర నుంచి ఆ చివరకు ఈదాను. మధ్యలో లోతు, కింద నల్ల గీత. ఆగలేదు. కొత్తగా చేరిన పిల్లలు పక్కనుంచి చేపల్లా దూసుకుపోయారు, నేను పెళ్లి సామాను మోసే ఎడ్లబండిలా వెళ్లాను. గోడ తగిలింది. ఆ గోడను ముద్దు పెట్టుకున్నాను.

నేను ఈదుతున్నంతసేపూ గట్టు మీద కొత్తావిడ ఎవరో అత్తయ్యను అడిగిందట, ఆమె మీకేమవుతుంది అని. అత్తయ్య చాలాసేపు నా వైపు చూశారట. మీ అన్నయ్య చెప్పాడు. "ఎవరో తెలియదమ్మా. కానీ ఆవిడ ఉంటే నాకు భయం ఉండదు" అన్నారట.

పదకొండేళ్లు నన్ను బాగా ఎరిగి ఒక్క మాట మాట్లాడని మనిషి, నేనెవరో తెలియకుండా అన్న మాట. ఏ కోడలికి దొరుకుతుంది చెప్పు.

వదిన


దీవి
సెప్టెంబరు 20

వదినా,

ఈ ఉత్తరం చిన్నది. పెట్టె సర్దుతూ మధ్యలో రాస్తున్నాను.

జూన్‌లో తిరిగొచ్చిన రోజే బదిలీకి పెట్టుకున్నాను. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. నిన్న వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. మన ఊరి విమానాశ్రయం దగ్గర వాతావరణ కార్యాలయం, మధ్యాహ్నం రెండు నుంచి డ్యూటీ. పొద్దున పూటంతా అమ్మ నాది. కొలను, స్నానం నా వంతు. సాయంత్రం వీధి చివరి దాకా నడక, ఇంట్లో ఉన్న రోజుల్లో అన్నయ్య వంతు. నువ్వు పొద్దున తొమ్మిదింటికి మిషను ముందు కూర్చోవాలి. ఇది అడగడం కాదు, చెప్పడం.

దయతో చేస్తున్నానని అనుకోకు. మేఘాలు అక్కడా ఉంటాయి. పదకొండేళ్లు ఒక్కదాన్నే మేఘాలు చూశాను, ఇక చూసినవి చెప్పడానికి ఇంట్లో మనుషులు కావాలి. నాకు అసూయగా కూడా ఉంది. నా తల్లి దగ్గర నువ్వు నాకంటే ఎక్కువ నేర్చుకున్నావు.

అక్టోబరు రెండో గురువారం పడవ. రెండు పెట్టెలు, చెయ్యి పొట్టి కోటు ఒకటి.

మరదలు


ఇంటి నుంచి
సెప్టెంబరు 29

చిన్నీ,

ఇది పడవలో నీకు ఎదురొస్తుందో, నువ్వే దాన్ని దాటి వచ్చేస్తావో తెలియదు. అయినా రాస్తున్నాను.

మిషనుకు నూనె వేశాను. మీ అన్నయ్య రెంచీ తెచ్చాడు, ముట్టుకోనివ్వలేదు. నీ గదిలో ఉన్న సామానంతా తీయించాను, అక్కడి నుంచి ఆకాశం బాగా కనిపించేలా మంచం కిటికీ వైపు జరిపాను. పంట్లాం ఆయనకు కబురు చేశాను. ఆ రోజు నుంచి ఒక కాలు మడుచుకుని తిరుగుతున్నాడట, పాపం, వేరే దర్జీ దగ్గరికి వెళ్లలేదు.

ఇది రాస్తుంటే అత్తయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఈమధ్య మాటలు బాగా తగ్గాయి. పొద్దున్నుంచి నోరు తెరవలేదు. కాగితం వంక, కలం వంక చూసి, ఎవరికి అని సైగ చేశారు. మీ అమ్మాయికి అన్నాను. నాకు అమ్మాయి ఉందా అన్నట్టు చూశారు. ఉందని, దూరంగా దీవిలో ఉంటుందని, చుట్టూ నీళ్లని, ఇప్పుడు మన దగ్గరికి వచ్చేస్తోందని చెప్పాను.

నీళ్లు అనగానే ముఖంలో ఏదో కదిలింది. ముందుకు వంగారు.

"ఆ పిల్లకు ఈత వచ్చా?"

"వచ్చండీ, మీరే నేర్పారు" అన్నాను.

ఆవిడ నిమ్మళంగా వెనక్కి వాలారు.

"అయితే భయం లేదు. రమ్మను."